ఫోన్లో రేటు చెప్పలేని పని

"అన్నా, ఇంటి ముందట వేపచెట్టు ఉంది, కొమ్మలు కొట్టాలె. ఎంతయితది?"

నల్లగొండలో చెట్ల పని మొదలుపెట్టిన నాటి నుంచి నాకు పొద్దున్నే వచ్చే ఫోన్ ఇదే. నా జవాబూ ఒకటే. "ఒక్కసారి వచ్చి చూస్త సార్, చూడకుండ చెప్పలేను." కొందరు సరేనంటారు. కొందరు విసుక్కుని పెట్టేస్తారు. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. ఒకే వీధిలో ఒకరి చెట్టు కొట్టి మేమే ఇంటాయన చేతిలో మూడు వేలు పెట్టి వస్తాం, పక్కింట్లో అంతే చెట్టుకు ఎనిమిది వేలు అడుగుతాం. బయటి నుంచి చూసేవాళ్లకు ఇది నోటికొచ్చిన రేటు లాగే ఉంటుంది. కానీ దాని వెనక ఒక లెక్క ఉంది. చెట్టు కొట్టించాలనుకునేవాళ్లకూ, ఈ పనిలోకి రావాలనుకునే కుర్రాళ్లకూ ఆ లెక్క తెలియడం అవసరం.

మన పల్లెల్లో చెట్టు కొట్టడమంటే కట్టె వ్యాపారం. తిప్పర్తి వైపో, దేవరకొండ వైపో పొలం గట్టు మీద పెద్ద తుమ్మ ఉంటే, కట్టెల మనిషి వచ్చి మాను చుట్టూ తిరిగి, చేతులతో కౌగిలించి చూసి, ఇన్ని వేలిస్తానని బేరమాడతాడు. కొట్టేదీ అతనే, తీసుకుపోయేదీ అతనే. రైతుకు నాలుగు డబ్బులు వస్తాయి. కట్టె ధర ఎక్కువ, కొట్టే ఖర్చు తక్కువ కాబట్టి ఆ లెక్క కుదురుతుంది. చెట్టు ఎటు పడినా చేనే. అదే చెట్టు నల్లగొండ టౌన్లో, రామగిరిలో రెండిళ్ల నడుమ ఉంటే లెక్క తలకిందులవుతుంది. ఇటు రేకుల షెడ్డు, అటు కాంపౌండ్ గోడ, పైన కరెంటు తీగ, కింద బోరు మోటారు. కట్టె అదే, దానికి వచ్చే డబ్బూ అదే. ఖర్చు మాత్రం నాలుగింతలు.

జాతిని బట్టి కూడా కట్టె విలువ మారుతుంది. వేప దుంగ దర్వాజాలకు పోతుంది. చింత మొద్దు అడ్డంగా కోసి ఇస్తే మటన్ షాపువాళ్లు తీసుకుంటారు, కత్తి దెబ్బకు అది అంత తొందరగా పెచ్చులు లేవదు. తుమ్మ బొగ్గుకు, పొయ్యిలకు పనికొస్తుంది. రోడ్ల పక్కన నీడ కోసం పెట్టిన గుల్‌మొహర్, నిద్రగన్నేరు లాంటివి కోస్తే కొనేవాళ్లు తక్కువ, ఇటుక బట్టీకో హోటల్ పొయ్యికో పోవాల్సిందే. ఇంటాయన "ఇంత కట్టె వస్తుంది కదా, ఫ్రీగా కొట్టుకపోండి" అన్నప్పుడు ఏ చెట్టు అన్నది నేను ముందు అడిగేది అందుకే.

ఇక అసలు సంగతి. మా రేటులో పెద్ద భాగం కోతకు కాదు, కోసింది కిందికి దించడానికి.

పచ్చి కట్టె బరువు చాలామంది ఊహకు అందదు. నీటి బరువుకు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. అడుగు మందం, పదడుగుల పొడవున్న ఒక్క పచ్చి ముక్క సుమారు రెండు క్వింటాళ్లు తూగుతుంది. అది ఇరవై అడుగుల ఎత్తు నుంచి స్లాబు మీద పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఖాళీ స్థలంలో అయితే రంపం పెట్టి కోసి వదిలేస్తాం, అరగంట పని. ఇళ్ల మధ్య అయితే అదే కొమ్మను చివరి నుంచి మొదలు వైపుకు మూడడుగులు, మూడడుగులుగా తీయాలి. ప్రతి ముక్కకూ కోయకముందే మోకు కట్టాలి. ఆ మోకును పైన గట్టి పంగలోంచి వేసి, కింద మానుకు రెండు మూడు చుట్లు తిప్పి ఒక మనిషి పట్టుకోవాలి. ఆ చుట్ల రాపిడి వల్లే ఒక మనిషి అంత బరువును ఆపగలుగుతాడు. చుట్లు లేకుండా ఉత్త చేతులతో పట్టుకుంటే బరువు మనిషినే పైకి లాగుతుంది, లేదా అరచేతులు కాలిపోతాయి. అరగంట పని అలా అర రోజు అవుతుంది.

నా రెండో ఏడాదిలో ఒక కొమ్మను తొందరపడి ఒకే ముక్కగా కోశాను. మోకు ఉంది, కొమ్మ కింద పడలేదు, కానీ ఊగుతూ పోయి పక్కింటి డాబా మీది నీళ్ల ట్యాంకును పగలగొట్టింది. ఆ రోజు వచ్చిందంతా, చేతిలోంచి ఇంకొంత కలిపి కొత్త ట్యాంకు కొనిచ్చాను. కొమ్మ తెగిన చోటే నిలవదు, పైన మోకు వేసిన పంగ కిందికి ఊగివచ్చి ఆగుతుంది. ఆ ఊగే దారిని ముందే కంటితో గీసుకోవాలి. చూడటానికి వచ్చినప్పుడు నేను చెట్టు కంటే చుట్టుపక్కల ఎక్కువసేపు చూసేది ఇదే.

ఒక మామూలు లెక్క చెబుతాను. నలుగురం పోయే పని అనుకుందాం. ఎక్కే మనిషికి రోజుకు 1,200, కింద ఇద్దరికి 800 చొప్పున 1,600, ట్రాక్టర్ ట్రాలీకి 1,500, పెట్రోలు, ఆయిలు, చైన్ అరుగుదల కలిపి 500. నా కూలీ లేకుండానే 4,800 అయింది. మోకులు, బెల్టులు ఏటా మార్చాలి, ఖాళీ రోజులు దాటాలి, పగిలే ట్యాంకులకూ పక్కన పెట్టుకోవాలి. ఎనిమిది వేలు అడిగితే అందులో నాకు మిగిలేది కనిపించేంత ఉండదు. కట్టెకు రెండు వేలు వస్తాయనుకుంటే ఆ మేరకు రేటు తగ్గిస్తాను, ఆ సంగతి ఇంటివాళ్లకు చెప్పే తగ్గిస్తాను.

కరెంటు తీగ ఉంటే లెక్కలోకి ఇంకో విషయం వస్తుంది. మాకు డబ్బు కంటే సమయమే దొరకదు. తీగకు దగ్గరగా ఉన్న కొమ్మ కోయాలంటే ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్ తీసుకోవాలి, ఆ లైనులో కరెంటు ఆపి పని చేసుకోనిచ్చే అనుమతి అది. మన నల్లగొండ దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ కిందిది. వాళ్ల సెక్షన్ ఆఫీసులో చెప్పి, ఒప్పుకున్న రోజున లైన్‌మన్ సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకుని, తీగలో కరెంటు లేదని పరీక్షించి, ఎర్తింగ్ చేశాకే, అంటే తీగను భూమికి కలిపాకే మేం చెట్టెక్కుతాం. సప్లై పోయింది కదా, చాలు కదా అనిపిస్తుంది. చాలదు. పక్కన ఎవరింట్లోనో జనరేటర్ తప్పుగా కలిపి ఉంటే అటువైపు నుంచి కరెంటు వెనక్కి తీగలోకి వస్తుంది. ఎర్తింగ్ చేసేది అందుకే. 11 కేవీ లైను అయితే తాకాల్సిన పని కూడా లేదు, దగ్గరికి పోతే చాలు, గాలిలోంచే దూకుతుంది. పచ్చి కొమ్మ, అందులోనూ వానకు తడిసినది, కరెంటును బాగా మోస్తుంది. "ఎండిన గడకర్రతో నెట్టెయ్ తమ్మీ, ఏం కాదు" అనేవాళ్లు ప్రతి వీధిలోనూ ఒకరుంటారు. ఆ మాట వినొద్దు. ఎల్‌సీ గంటకే ఇస్తే ఆ గంటలో తీగ వైపు కొమ్మలే ముందు తీస్తాం, మిగతా చెట్టు ఆ తర్వాత. కొమ్మ ఇప్పటికే లైను మీద వాలి ఉంటే అసలు మమ్మల్ని పిలవొద్దు, 1912కు ఫోన్ చేసి డిపార్ట్‌మెంటు వాళ్లకు చెప్పాలి.

అనుమతుల విషయం చాలామందికి గందరగోళం. నా పట్టా భూమిలో నేను పెంచిన చెట్టుకు నాకెవరి పర్మిషన్ కావాలి అంటారు. 2002లో వచ్చిన వాల్టా చట్టం మన రాష్ట్రంలోనూ అమల్లో ఉంది. నీళ్లు, భూమి, చెట్లు మూడూ అందులోకి వస్తాయి. బోరు వేయడానికి దాని పేరు విని ఉంటారు, సొంత స్థలంలోని చెట్టు నరకడానికీ అదే వర్తిస్తుంది. కొన్ని జాతులకు మినహాయింపులున్నాయి. మీ చెట్టు ఆ జాబితాలో ఉందో లేదో అటవీ రేంజ్ ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి. అనుమతి ఇచ్చినప్పుడు బదులు మొక్కలు నాటాలనే షరతూ ఉంటుంది. కొట్టిన దుంగను లారీలో ఊరు దాటించడం ఇంకో సంగతి, దానికి రవాణా పర్మిట్ వేరే. రోడ్డు పక్కన మున్సిపాలిటీ నాటిన చెట్టు మీ గేటుకు అడ్డం ఉన్నా అది మీది కాదు. 2015లో హరితహారం మొదలయ్యాక మున్సిపాలిటీలు, పంచాయతీలు మొక్కల లెక్క గట్టిగా చూస్తున్నాయి, జరిమానాలు పడుతున్నాయి.

నేను పెట్టుకున్న పద్ధతి ఇది. కొమ్మలు సరిచేసే పనికి ఇంటివాళ్ల మాట చాలు. చెట్టు మొదలుకు కొట్టాలంటే కాగితం చూపించాకే మిషన్ దించుతాను. కాగితం అడిగితే వేరేవాళ్లను పిలుచుకునేవాళ్లున్నారు. ఆ పనులు పోయినా ఫర్వాలేదు. జరిమానా పడేది ఇంటాయనకే అయినా బండి, రంపం పట్టుకుపోయేది నావి.

పక్కింటివాళ్లతో తగాదా ఉన్న చెట్టు అయితే ఇద్దరి మాటా వింటాను. ఫోన్లో చెట్టు ఫొటో తీసి, తీసేయాల్సిన కొమ్మల మీద ఎర్ర గీతలు గీసి, వాట్సాప్‌లో ఇద్దరికీ పంపి "సరే" అన్న జవాబు వచ్చాకే మొదలుపెడతాను. రేటు, చెత్త ఎవరు తీయాలి, కట్టె ఎవరిది అన్నవి కూడా అందులోనే రాస్తాను. పని అయ్యాక "ఆ కొమ్మ కూడా అనుకున్నం కదా" అనే మాట అప్పటి నుంచి తగ్గింది.

మనుషుల గురించి చెప్పకుండా ఈ పని గురించి చెప్పలేను. నల్లగొండ జిల్లాలో తాటిచెట్లెక్కి కల్లు తీసే గీత కార్మికుల కుటుంబాలు ఊరూరా ఉన్నాయి. నాతో ఎక్కే పెద్దన్న ఆ ఇంటివాడే. మోకు, ముత్తాదుతో తాటిచెట్టు మీద ఆయన నడిచినంత తేలిగ్గా నేను నేల మీద నడవలేను. కానీ తాడిమాను నిటారుగా, కొమ్మ లేకుండా ఉంటుంది, మోకు జరుపుకుంటూ పోవచ్చు. వేపకు అడుగడుగునా పంగలుంటాయి. పంగ దాటాలంటే మోకు విప్పాలి, విప్పిన ఆ నిమిషంలో మనిషికి ఆధారం లేదు. పడేది ఎక్కువగా అక్కడే. అందుకే రెండు తాళ్లు. ఒకటి విప్పి పైకి వేసేటప్పుడు రెండోది నడుము బెల్టుకు బిగిసే ఉంటుంది. 2024లో ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు పెద్దన్న మొదట ఇష్టపడలేదు. "ముప్పయ్యేండ్ల సంది ఎక్కుతున్న, నాకెందుకురా గీ బెల్టులు" అన్నాడు. ఇప్పుడు బెల్టు లేకుండా కుర్రాళ్లను ఎక్కనివ్వడు.

ప్రమాద బీమా లేకుండా నేను ఎవర్నీ చెట్టెక్కించను. బ్యాంకు ఖాతా ఉంటే ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లందరికీ వర్తిస్తుంది. ఈ పనిలో ఉండే ముప్పుకు అది చాలదు, పైన ఇంకో పాలసీ ఉండాలి. కానీ అడ్డా మీది నుంచి ఒక్క రోజుకు వచ్చే మనిషికి ఆ ఇరవై రూపాయలదీ ఉండదు. కడితే నేనే కడతాను, ఏటా మేలో ఖాతాలో డబ్బులున్నాయో లేదో నేనే గుర్తుచేస్తాను.

మిషన్ సంగతి. చైన్ రంపానికి ఉత్త పెట్రోలు పోయకూడదు, టూ స్ట్రోక్ ఆయిల్ కలపాలి. కంపెనీ చెప్పిన పాళ్లు డబ్బా మీద ఉంటాయి, మాది లీటరుకు 20 మిల్లీలీటర్లు. తక్కువైతే ఇంజిన్ పట్టేస్తుంది. చైన్‌కు వేరే ఆయిలు, అది ఆగకుండా కారుతూనే ఉండాలి. పదును తెలుసుకోవడం తేలిక. కోస్తుంటే చిన్న చిన్న పేళ్లు రాలితే చైన్ బాగున్నట్టు, పిండిలా పొడి రాలితే మొద్దుబారినట్టు. మొద్దు రంపాన్ని మనిషి బలంతో నొక్కుతాడు, అలా నొక్కినప్పుడే అది అదుపు తప్పుతుంది. చైన్ తిరిగే రేకు కొస పైభాగం దేనికైనా తగిలితే మిషన్ ఒక్కసారిగా మొహం మీదికి ఎగురుతుంది. అందుకే చెట్టు మీద ఒంటి చేత్తో రంపం ఆడించడం మా దగ్గర నిషేధం. అన్నిటికంటే ఎక్కువ చైన్లు తినేది మేకులు. బట్టల తీగకని, ట్యూషన్ బోర్డుకని, ఎన్నికల ఫ్లెక్సీకని వేపమానుకు కొట్టిన మేకులను కొన్నేళ్లలో బెరడు మింగేస్తుంది. బయటికి కనిపించవు. రోడ్డు వైపు మాను కోసే ముందు మనిషి ఎత్తు వరకు చేత్తో తడిమి చూస్తాం.

ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారం వచ్చిన రాత్రి ఫోన్ ఆగదు. పడిపోయిన చెట్టు కొట్టడం నిలబడిన చెట్టు కంటే తేలిక అనుకుంటారు. నిజానికి అదే ఎక్కువ ప్రమాదం. వాలిన కొమ్మ విల్లులా వంగి ఉంటుంది. ఒక వైపు నార సాగి ఉంటుంది, ఇంకో వైపు నొక్కుకుని ఉంటుంది. సాగిన వైపు ముందే లోతుగా కోస్తే కొమ్మ చీలి మనిషి మీదికి తన్నుతుంది. నొక్కుకున్న వైపు కొంచెం కోసి, తర్వాత సాగిన వైపు మెల్లగా రావాలి. ఏ వైపు ఏదో చీకట్లో కనిపించదు. అందుకే రాత్రి పూట వెళ్లను. దారి మూసుకుపోయి అంబులెన్స్ ఆగిందంటే మున్సిపాలిటీ వాళ్లతో కలిసి, లైట్లు పెట్టించి చేస్తాం, అది వేరు.

పని ముగిశాక మిగిలేది మండలు. ఒక వేపచెట్టు కొమ్మలు తీస్తే ట్రాలీ నిండేది ఎక్కువగా ఆకూ సన్న మండలే, కట్టె అడుగున పడిపోతుంది. దాన్ని వీధిలో తగలబెట్టడం తప్పు, తీగల కింద అయితే ఇంకా తప్పు. రావి, తుమ్మ, సుబాబుల్ అయితే మేకలవాళ్లకు ముందు రోజే ఫోన్ చేస్తాను. పొద్దుటికి ట్రాలీ సగం ఖాళీ అవుతుంది, మేకల కడుపు నిండుతుంది, నాకు ఒక ట్రిప్పు డీజిలు మిగులుతుంది. ఎండాకాలంలో ఇది వాళ్లకు చాలా పెద్ద సాయం.

ఒక్క విషయంలో మాత్రం నేను బేరానికి లొంగను. "మళ్లమళ్ల పిలిచే పని లేకుండ మొత్తం మొండికి కొట్టు" అంటారు. తల నరికిన చెట్టు మూడు నెలల్లో గుబురుగా చిగురేస్తుంది, చూడటానికి బాగుంటుంది. కానీ ఆ కొత్త కొమ్మలు పాత మానులోంచి లోపలి నుంచి పుట్టినవి కావు, బెరడు కింద పైపైన అతుక్కున్నవి. ఐదారేళ్లకు లావెక్కి గాలికి ఊడిపడేది అవే. ఈలోపు నరికిన చోటు నుంచి నీరు దిగి మాను లోపల బోలు పడుతుంది. ఒక్కసారిగా పావు వంతుకు మించి పచ్చదనం తీయకూడదు. కొమ్మను మానుకు ఆనించి సాపుగా కూడా కోయకూడదు. కొమ్మ మొదట్లో ఉంగరంలా ఒక ఉబ్బు ఉంటుంది, దాన్ని వదిలి దాని బయటే కోయాలి, గాయం మూసేది ఆ ఉబ్బే. పెద్ద కొమ్మ అయితే ముందు కింది నుంచి కొంచెం కోసి, ఆ తర్వాత కాస్త బయటగా పైనుంచి కోసి బరువు దించి, మిగిలిన మొండెను చివర్లో తీస్తాం. అలా చేయకపోతే పడే కొమ్మ మాను బెరడును గజం పొడవున చీల్చుకుపోతుంది.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని చూసినవాళ్లకు చెట్టును నిలబెట్టడం ఎంత పనో తెలిసే ఉంటుంది. మూడెకరాలకు పైగా పరుచుకున్న ఆ మర్రికి ఏడు వందల ఏళ్లుంటాయని చెబుతారు. చెదలు పట్టి 2017 డిసెంబర్లో పెద్ద కొమ్మ విరిగిపడింది. ఆ తర్వాత సెలైన్ సీసాల్లో పలచగా కలిపిన క్లోరోపైరిఫాస్ మందును చుక్క చుక్కగా మానులోకి ఎక్కించారు, బరువైన కొమ్మల కింద ఆధారాలు కట్టారు. మాలాంటి చిన్నవాళ్లకు అంత వైద్యం చేతకాదు. కానీ వాలిన కొమ్మకు ఆధారం పెట్టడం, చెదలు ముందే కనిపెట్టి చెప్పడం చేతనవుతుంది.

2021 చివర్లో వేపచెట్లు కొసల నుంచి ఎండిపోయినప్పుడు మాకు ఎన్నడూ లేనంత పని వచ్చింది. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రపు తెగులు, దానికి తోడు టీ దోమ అనే రసం పీల్చే పురుగు. ఊరంతా మాడిపోయినట్టు కనిపించింది. జనం భయపడ్డారు, చెట్టు చచ్చింది, ఇంటి మీద పడుతుంది, కొట్టేయమన్నారు. పానగల్లు దారిలో ఒక పెద్దమ్మ ఇంటి వేపను చూడటానికి పోయాను. చెట్టు నిండా గోధుమరంగు ఆకు. బెరడు గోరుతో గీకి చూస్తే లోపల పచ్చగానే ఉంది. "ఉగాది దాక ఆగుదాం పెద్దమ్మా, అప్పటికి చిగురు రాకుంటే నేనే వచ్చి కొడత" అన్నాను. ఆ రోజు పని లేకుండానే ముగ్గురు కూలీలతో వెనక్కి వచ్చాను. ఉగాదికి ఆమె పచ్చట్లో వేసుకున్నది ఆ చెట్టు పువ్వే.

ఏటా ఎండిన కొసలు తీయడానికి వెళ్తుంటాను. ఈసారి చూసినప్పుడు వీధి వైపు కొమ్మ ఒకటి తీగకు రెండడుగుల దగ్గరికి వచ్చింది. ఫొటో తీసి గీత గీశాను. ఎల్‌సీ కోసం సెక్షన్ ఆఫీసులో రాసిచ్చాను, వచ్చే మంగళవారం అన్నారు. పెద్దమ్మ మంగళవారం చెట్టు మీద కత్తి పెట్టనివ్వదు. గురువారానికి మార్పించుకోవాలి.